బోల్డ్ కండెన్స్‌డ్ ఇటాలిక్ శీర్షిక అక్షరాలు: గీసే పద్ధతి, వాడే పద్ధతి

పత్రికల పతాక శీర్షికల్లో, ఆటల పోస్టర్ల మీద, జెర్సీల వీపు మీద, యాప్ బ్యానర్లలో ఒకే కుటుంబానికి చెందినట్టు కనిపించే అక్షరాలు తరచుగా ఎదురవుతాయి. వాటి గీత మందంగా, ఒళ్ళు ఇరుకుగా, నిలకడ కుడివైపుకు వాలి ఉంటుంది. తక్కువ వెడల్పులో పెద్ద అక్షరం పట్టాలి, దూరం నుంచి తెలియాలి, చూడగానే వేగం స్ఫురించాలి అన్న మూడు అవసరాలు ఒకేచోట కలిసినప్పుడు డిజైనర్లు బోల్డ్ కండెన్స్‌డ్ ఇటాలిక్‌ను ఎంచుకుంటారు. అయితే ఈ మూడు గుణాలకూ ఒకదానితో ఒకటి పొసగదు. మందం పెంచితే అక్షరం లోపలి ఖాళీ తగ్గుతుంది, వెడల్పు కుదిస్తే ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది, వాలు ఇస్తే మిగిలిన కాస్త ఖాళీ ఆకారం కూడా చెదురుతుంది. అందువల్ల లోపలి ఖాళీ ఎంత ఉండాలో ముందుగా నిర్ణయించుకొని, మందాన్నీ వెడల్పునూ వాలునూ దానికి లోబరచి గీయాలి. కింద చెప్పిన కొలతలన్నీ ఆ ఒక్క నియమం మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఇటాలిక్ శీర్షికల కోసం పుట్టలేదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనుషియస్ చిన్న పరిమాణపు పుస్తకాలను పూర్తిగా ఇటాలిక్‌లో అచ్చువేయడం మొదలుపెట్టినప్పుడు, ఫ్రాన్సెస్కో గ్రిఫో చెక్కిన ఆ అక్షరాలలో చిన్నవి చేతిరాతలాగా వాలి ఉంటే పెద్దవి నిటారుగానే నిలిచాయి. మందపాటి ఇరుకు అక్షరాలది వేరే వంశం. పంతొమ్మిదో శతాబ్దపు గోడప్రకటనలకు పెద్ద అక్షరాలు కావలసి వచ్చాయి, లోహంతో పోతపోస్తే అవి మోయలేనంత బరువయ్యేవి. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ కొయ్య అక్షరాలను యంత్రంతో చెక్కే మార్గం కనిపెట్టాక ఇరుకైన, ఎత్తైన, నల్లటి అక్షరాలు విరివిగా వచ్చాయి. 1903 నాటి మోరిస్ ఫుల్లర్ బెంటన్ ఆల్టర్నేట్ గోథిక్ ఆ సంప్రదాయానికి చెందినదే. ఈ రెండు వంశాలనూ ఒక పద్ధతి ప్రకారం ఒకే పట్టికలో కూర్చినవాడు అడ్రియాన్ ఫ్రుటిగర్. 1957లో వెలువడిన ఆయన యూనివర్స్ కుటుంబంలో ప్రతి రూపానికీ రెండంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకె మందాన్నీ, రెండవది వెడల్పునూ వాలునూ తెలుపుతుంది. 67 అంటే బోల్డ్ కండెన్స్‌డ్, 68 అంటే దాని వాలు రూపం. వాలు రూపానికి పట్టికలో సొంత చోటు ఇవ్వడం చిన్న విషయంగా కనిపించినా, ఫాంట్ గీసేవారు మనసులో పెట్టుకోవలసిన విషయం అదే.

ముందు నిటారు రూపం

వాలు అక్షరాన్ని నేరుగా గీయగల నేర్పరులు ఉన్నారు. తొలిసారి పూనుకునేవారు మాత్రం నిటారు రూపాన్ని గట్టిగా నిలబెట్టుకున్న తరువాతనే వాలు జోలికి వెళ్ళడం మంచిది. గ్లిఫ్స్, ఫాంట్‌ల్యాబ్, ఫాంట్‌ఫోర్జ్ వంటి ఫాంట్ గీసే సాఫ్ట్‌వేర్ (ఎడిటర్) దేనిలోనైనా అక్షరపు చదరాన్ని 1000 యూనిట్లుగా తీసుకొని, పెద్ద అక్షరాల ఎత్తును 700గా, చిన్న అక్షరాల ఎత్తును, అంటే ఎక్స్ హైట్‌ను, 540గా పెట్టుకోండి. శీర్షికలకు ఎక్స్ హైట్ ఎక్కువగా ఉండడం అవసరం, ఎందుకంటే మందమైన గీతల మధ్య ఖాళీ మిగలడానికి నిలువుగా దొరికే చోటు అదొక్కటే.

మొదట ఇంగ్లీషు పెద్ద హెచ్ (H) గీయండి. నిలువు గీత ఒక్కొక్కటి 150, మధ్య ఖాళీ 120, మొత్తం 420 యూనిట్లు. పుస్తకాల పాఠ్యానికి వాడే ఫాంట్లలో ఖాళీ గీత కంటే చాలా వెడల్పుగా ఉంటుంది. ఇక్కడ గీతే ఖాళీని మించింది. ఈ నిష్పత్తి ఇక తక్కిన అక్షరాలన్నింటికీ కొలబద్ద అవుతుంది. అడ్డగీతను నిలువు గీత అంత మందంగా గీస్తే కంటికి లావుగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని 115 దగ్గర ఉంచండి. తరువాత పెద్ద ఓ (O). దాన్ని గుడ్డు ఆకారంలో గీస్తే హెచ్ పక్కన అది వేరే ఫాంట్ నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఇరుకు అక్షరాలలో ఓ (O) పక్కలు తిన్నగా నిలువుగా సాగి, పైనా కిందా మాత్రమే ఒంపు తిరగాలి. పక్క గీతకు హెచ్ కంటే నాలుగైదు యూనిట్లు ఎక్కువ మందం ఇచ్చి, ఒంపుల కొనలను బేస్‌లైన్ (అక్షరాలు నిలబడే కింది గీత) కిందకూ పై గీత మీదకూ పదేసి యూనిట్లు దాటించండి. అలా దాటించకపోతే ఓ తన పొరుగు అక్షరాల కంటే పొట్టిగా కనిపిస్తుంది.

అసలు పరీక్ష మూడు అంతస్తుల అక్షరాల దగ్గర మొదలవుతుంది. చిన్న ఇ (e), చిన్న ఎ (a), ఎస్ (S), బి (B), అంకెల్లో 3, 8 వీటన్నింటిలో మూడేసి అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. చిన్న ఇ ఎత్తు 540 అనుకుంటే, మూడు గీతలకు 95 చొప్పున 285 పోగా మిగిలేది 255, అంటే రెండు ఖాళీలకు ఒక్కొక్కదానికి సుమారు 127 యూనిట్లు. ఇది నిలువు గీతల మధ్య మనం వదిలిన 120కి దగ్గరగానే ఉంది కనుక అక్షరం ఊపిరి పీల్చుకుంటుంది. అడ్డగీతలను 115 దగ్గరే ఉంచితే ఖాళీలు 97కి పడిపోయి, ఇ మూసుకుపోయిన ముద్దలా తయారవుతుంది. కాబట్టి ఈ అక్షరాల అడ్డగీతలను సన్నం చేయడానికి సంకోచించకండి. పాఠకుడికి కనిపించేది గీతల సమానత్వం కంటే పంక్తి మొత్తంలో నలుపు సమానంగా పరుచుకున్న తీరే.

ఎం, డబ్ల్యు అక్షరాలు అడ్డంగా ఇదే ఇబ్బంది పెడతాయి. నాలుగేసి గీతలు ఉన్న ఈ అక్షరాలలో నిలువు గీతను 150 నుంచి 125 వరకు తగ్గించి, వెడల్పును హెచ్ కంటే దాదాపు సగం మేర పెంచండి. చిన్న ఎన్‌లో ఒంపు నిలువు గీత నుంచి విడివడే చోట నలుపు గడ్డకట్టకుండా, ఒంపు మొదలును గీతలో మూడింట రెండు వంతుల మందానికి సన్నబరచాలి. ఆ చీలికను కాస్త లోతుగా కోస్తే ముద్రణలో సిరా పాకినా, చిన్న తెర మీద చుక్కలు కలిసిపోయినా అక్షరం మూసుకుపోదు.

వాలు ఎంత ఉండాలి

వాలు కోణానికి లెక్క సులువు. ఎత్తును కోణపు టాంజెంట్‌తో గుణిస్తే అక్షరం పైకొన ఎంత పక్కకు జరుగుతుందో తెలుస్తుంది. 700 ఎత్తుకు 8 డిగ్రీల వద్ద జరుగుబాటు 98 యూనిట్లు, 10 వద్ద 123, 12 వద్ద 149, 15 వద్ద 188. ఈ సంఖ్యలను అక్షరం వెడల్పుతో పోల్చి చూడాలి. 800 వెడల్పున్న అక్షరానికి 149 జరుగుబాటు అయిదో వంతు కూడా కాదు. మన 420 యూనిట్ల హెచ్‌కు అదే జరుగుబాటు మూడో వంతును మించిపోతుంది. అంటే ఇరుకు అక్షరం, ఒకే కోణంలో ఉన్నా, వెడల్పు అక్షరం కంటే ఎక్కువ వాలినట్టు కనిపిస్తుంది. అందుచేత 9 నుంచి 12 డిగ్రీల మధ్య ఆగడం ఉచితమని నా అభిప్రాయం. 15 డిగ్రీలు దాటిన అక్షరం ఒక్క మాటగా, లోగోగా బాగానే నిలుస్తుంది గాని, రెండు పంక్తుల శీర్షికలో పడిపోతున్నట్టు కనిపిస్తుంది. 7 డిగ్రీల కంటే తక్కువ వాలు ఉద్దేశపూర్వకంగా ఇచ్చినట్టు కాక, తప్పుగా అతికించినట్టు ఉంటుంది. ఈ వ్యాసంలో ఇకమీద 12 డిగ్రీలనే ఉదాహరణగా తీసుకుంటాను.

మరో నిర్ణయం కూడా ఇక్కడే తీసుకోవాలి. చేతిరాత వాసన ఉన్న ఇటాలిక్ కావాలా, నిటారు రూపాలనే వాల్చిన ఇటాలిక్ కావాలా? ఇంత మందంలో, ఇంత ఇరుకులో చేతిరాత కొసరులకు చోటు ఉండదు కనుక ఎక్కువమంది రెండవదే ఎంచుకుంటారు. అయినా చిన్న ఎ విషయంలో చేతిరాత రూపం మేలు చేస్తుంది. పైన గొడుగు లేని ఒంటి అంతస్తు ఎ గీస్తే మూడు అడ్డగీతలు రెండుకు తగ్గి, లోపలి ఖాళీ ఒక్కసారిగా విశాలమవుతుంది. అయితే అది ఓ (o) అక్షరానికి దగ్గరగా పోతుంది కాబట్టి, కుడివైపు నిలువు గీతను కింద తిన్నగా దించి తేడా స్పష్టం చేయాలి.

వాల్చిన తరువాత దిద్దుబాటు

ఎడిటర్‌లో అక్షరాలన్నింటినీ ఎంపిక చేసి 12 డిగ్రీలు వాల్చడం ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఆ వెంటనే కనిపించేది ముడిసరుకు మాత్రమే. ఎక్కడెక్కడ చెడిందో తెలుసుకోవడానికి ఒక సూత్రం చాలు: వాల్చినప్పుడు గీత విస్తీర్ణం మారదు, కాబట్టి పొడవు పెరిగిన గీత సన్నబడుతుంది, పొడవు తగ్గిన గీత లావెక్కుతుంది.

పెద్ద ఏ (A) తీసుకొని చూడండి. దాని రెండు కాళ్ళూ 700 ఎత్తులో చెరో 200 యూనిట్లు పక్కకు సాగుతాయని, ఒక్కొక్కదాని మందం 135 అని అనుకుందాం. నిటారుగా ఉన్నప్పుడు ప్రతి కాలి పొడవు 728. వాల్చిన తరువాత ఎడమ కాలు 349 యూనిట్లు పక్కకు సాగి 782 పొడవవుతుంది. కుడి కాలు 51 యూనిట్లు మాత్రమే పక్కకు పోయి 702కు తగ్గుతుంది. దాంతో ఎడమ కాలి మందం సుమారు 126కి పడిపోయి, కుడి కాలిది 140కి చేరుతుంది. ఒకే అక్షరంలోని రెండు కాళ్ళ మధ్య 14 యూనిట్ల తేడా పోస్టరు పరిమాణంలో ఎవరికైనా తెలుస్తుంది. దీన్ని సరిచేయడానికి ఎడమ కాలికి ఏడెనిమిది యూనిట్లు కలిపి, కుడి కాలి నుంచి అంతే తీసివేయాలి. వి, ఎక్స్, వై, కె అక్షరాలలో ఇదే పని, దిశను గమనించి చేయాలి. జెడ్, అంకె 7 లలో ఏటవాలు గీత కుడిపైకి లేస్తుంది కనుక సన్నబడుతుంది. ఎన్, ఎస్ అక్షరాలలో నడిమి గీత కుడికిందకు దిగుతుంది కనుక లావెక్కుతుంది. ముఖ్యంగా పెద్ద ఎన్ ఇరుకులో దాదాపు మూసుకుపోతుంది కాబట్టి, దాని ఏటవాలు గీతను నిర్దాక్షిణ్యంగా తగ్గించవలసిందే.

ఒంపుల సంగతి ఇంకా సున్నితమైనది. ఓ (O) అక్షరాన్ని వాల్చితే కుడిపై మూల, ఎడమకింది మూల బయటికి లాగబడి మొనదేలుతాయి, అక్కడ మందం కూడా పెరుగుతుంది. ఎడమపై, కుడికింది మూలలు జారిపోయి పలచబడతాయి. మొనదేలిన రెండు మూలల్లో బయటి గీతను నాలుగు నుంచి ఆరు యూనిట్లు లోపలికి నొక్కి, జారిన రెండు మూలల్లో బయటి గీతను కాస్త ఉబ్బించాలి. లోపలి ఖాళీ అంచును వేరుగా చూడాలి, ఎందుకంటే అక్కడి ఒంపు ఎంతో చిన్నది కనుక వంకర మరింత ఎక్కువగా కనిపిస్తుంది. వాల్చడంతో గీత ఆకారాన్ని నిలిపే పాత పాయింట్లు ఒంపుల శిఖరాల నుంచి పక్కకు తప్పుకుంటాయి. శిఖరాల వద్ద కొత్త పాయింట్లు పెట్టి పాతవి తొలగించకపోతే ఆ తరువాత చేసే దిద్దుబాట్లు అదుపులో ఉండవు. ఈ పని చేస్తున్నప్పుడు అక్షరాన్ని తలకిందులు చేసి చూడడం ఎంతో ఉపయోగం. ఓ (O) అక్షరాన్ని 180 డిగ్రీలు తిప్పినా అదే వాలు ఉంటుంది కనుక, తిప్పగానే వేరుగా కనిపించిన మూలలోనే లోపం ఉందని తేలిపోతుంది.

నిలువు గీతలు కూడా కొద్దిగా సన్నబడతాయి. 150 మందం 12 డిగ్రీల వాలులో సుమారు 147 అవుతుంది, అడ్డగీతల మందం మాత్రం మారదు. మూడు యూనిట్లే అయినా నిటారు ఫాంట్‌నూ దీన్నీ ఒకే శీర్షికలో పక్కపక్కన వాడే ఉద్దేశం ఉంటే కలిపేయండి.

గుర్తుల దగ్గర కొంత విచక్షణ కావాలి. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, ఉటంకింపు గుర్తులు, కుండలీకరణాలు అక్షరాలతో పాటు వాలాలి. కాపీరైట్, రిజిస్టర్డ్ గుర్తుల బయటి వృత్తం నిటారుగా ఉంటేనే బాగుంటుంది. ఆటల్లో, ప్రకటనల్లో ఈ అక్షరాలు అంకెల కోసమే ఎక్కువగా వాడతారు కనుక అంకెలన్నీ ఒకే వెడల్పులో ఉన్న మరో జత తప్పక ఇవ్వండి. లేకపోతే స్కోరు మారినప్పుడల్లా పంక్తి అటూ ఇటూ కదులుతుంది. ఆ జతలో 1 చుట్టూ ఖాళీ ఎక్కువై వెలితి కనిపిస్తుంది కాబట్టి దానికి పైన జెండా, కింద పీట పెట్టి నింపవచ్చు.

ఎడం, ఫైలు

అక్షరానికి ఇరుపక్కలా వదిలే ఖాళీని లోపలి ఖాళీని బట్టి నిర్ణయించాలి. హెచ్ లోపల 120 ఉంటే రెండు హెచ్‌ల మధ్య 80 చాలు, అంటే ఒక్కో పక్కకు 40. ఓ (O) పక్కకు 30, ఏ (A), వి (V) పక్కలకు 5 నుంచి 10. బిగువుగా పేర్చిన శీర్షికే ఈ ఫాంట్‌కు అందం, అయితే బయటి ఖాళీ లోపలి ఖాళీలో సగం కంటే తగ్గితే పదం కంచెలాగా అయిపోయి అక్షరాలు విడిగా గుర్తుపట్టడం కష్టమవుతుంది. వాల్చడం వల్ల అడ్డంగా ఉండే దూరాలు మారవు కనుక నిటారు రూపంలో చేసిన కెర్నింగ్ (అక్షరాల జతల మధ్య ఎడం సర్దడం) చాలావరకు చెల్లుతుంది. మీరు మందం దిద్దిన ఏ, వి, డబ్ల్యు, వై జతలను మాత్రం తిరిగి చూడాలి.

బేస్‌లైన్‌ను ఆధారంగా పెట్టి వాల్చితే అక్షరమంతా తన గడిలో కుడివైపుకు జరిగిపోతుంది. ఎక్స్ హైట్‌లో సగాన్ని, అంటే 270ని, టాంజెంట్‌తో గుణిస్తే 57 వస్తుంది. అన్ని అక్షరాలనూ అంత మేర ఎడమకు జరిపితే నిటారు, వాలు అక్షరాలు ఒకే పంక్తిలో కలిసినప్పుడు గుద్దుకోవు.

ఫైలులో నింపవలసిన విలువలు కొన్ని ఉన్నాయి, ఇవి తప్పితే ఎంత బాగా గీసినా మెనూలో ఫాంట్ సరైన చోట కనిపించదు. మందపు తరగతి 700, వెడల్పు తరగతి 3, ఇటాలిక్ కోణం -12. కుడివైపు వాలుకు గుర్తు రుణాత్మకమే. మందం, వాలు వంటివి కోరినట్టు మార్చుకోగల వేరియబుల్ ఫాంట్‌లోని వాలు అక్షానికీ ఇదే నియమం. బోల్డ్, ఇటాలిక్ అని తెలిపే రెండు గుర్తులనూ వెలిగించాలి. కర్సర్ వాలును 1000కి 213గా ఇస్తే, టైపు చేసేటప్పుడు కర్సర్ కూడా అక్షరాలతో పాటు వాలి నిలుస్తుంది.

వాడకం

ఈ అక్షరాలను వాడదలచినవారు మొదట చూసుకోవలసింది తమ దగ్గర ఉన్నది నిజమైన ఇటాలిక్ అవునా కాదా అన్నదే. కంప్యూటర్లతో పాటు వచ్చే ఇంపాక్ట్‌కు వాలు రూపం లేదు. ఉచితంగా దొరికే ఆంటన్, ఓస్వాల్డ్‌లకూ లేదు. వీటిని ఎంచుకొని ఇటాలిక్ బొత్తాం నొక్కితే సాఫ్ట్‌వేర్ తనంతట తాను వాల్చిన రూపం వస్తుంది, పైన చెప్పిన దిద్దుబాట్లలో ఒక్కటీ అందులో ఉండదు. బార్లో కండెన్స్‌డ్, ఫిరా సాన్స్ కండెన్స్‌డ్, రోబోటో కండెన్స్‌డ్ కుటుంబాలలో విడిగా సిద్ధం చేసిన బోల్డ్ ఇటాలిక్ ఉంది, అవి ఉచితం కూడా. వెబ్ పేజీలో ఫాంట్ సింథసిస్ అనే సీఎస్ఎస్ గుణానికి నన్ అని విలువ ఇస్తే బ్రౌజర్ దొంగ ఇటాలిక్ తయారు చేయకుండా ఆగుతుంది. అసలు ఫైలు దిగిరాకపోతే నిటారు రూపం కనిపిస్తుంది, అది ఎంతో నయం.

పరిమాణం విషయంలో 24 పాయింట్ల కంటే కిందకు దిగవద్దు. తప్పనిసరై దిగితే అక్షరాల మధ్య నూటికి రెండు మూడు వంతుల ఎడం కలపండి. 100 పాయింట్లు దాటితే ఒకటి రెండు వంతులు తగ్గించండి. ఒక్కో పంక్తికి రెండు నుంచి అయిదు మాటలు, మొత్తం మూడు పంక్తులు దాటకుండా ఉంటే ఈ అక్షరం బలం తెలుస్తుంది. వ్యాసం పాఠ్యాన్ని దీనితో పేర్చడం చదువరికి కష్టం కలిగించడమే. పూర్తిగా పెద్ద అక్షరాలతో పేర్చిన శీర్షికకు కిందికి వేలాడే భాగాలు ఉండవు కనుక పంక్తి ఎత్తును అక్షర పరిమాణంలో 0.85 వరకు దించవచ్చు. చిన్న అక్షరాలు ఉంటే 1కి తగ్గకూడదు.

రెండు మూడు పంక్తులను ఎడమ అంచుకు తిన్నగా పేర్చినప్పుడు ఏదో అసౌకర్యం కంటికి తగులుతుంది. అక్షరాల అంచులు వాలి ఉంటే మార్జిన్ నిటారుగా ఉండడమే దానికి కారణం. పంక్తుల మధ్య దూరం 100 పాయింట్లయితే, కింది పంక్తిని పై పంక్తి కంటే 21 పాయింట్లు ఎడమకు జరపండి. 12 డిగ్రీల వాలు మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా ఒకే గీతగా దిగుతుంది. శీర్షిక వెనక రంగు పట్టీ పెట్టేటట్టయితే దాని పక్క అంచులను కూడా అదే కోణంలో కోయాలి. పట్టీ 15 డిగ్రీలు, అక్షరం 12 డిగ్రీలు ఉంటే ఆ మూడు డిగ్రీల తేడా కోరి చేసిన వ్యత్యాసంలా ఉండదు, నిర్లక్ష్యంలా ఉంటుంది. దీర్ఘచతురస్రపు పెట్టెలో పెట్టవలసి వస్తే సాఫ్ట్‌వేర్ చూపిన నడిమిని నమ్మక కంటితో సర్దండి, ఎందుకంటే ఎడమపైన, కుడికింద ముక్కోణపు ఖాళీలు మిగులుతాయి. వెబ్‌లో చివరి అక్షరం కుడిపై మూల పెట్టె బయటికి పోయి తెగిపోతుంటుంది. కుడివైపు అక్షర పరిమాణంలో అయిదో వంతు ఖాళీ వదిలితే ఆ బెడద ఉండదు.

నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరం మరింత లావుగా కనిపిస్తుంది, లోపలి ఖాళీలు ఇంకా చిన్నవవుతాయి. అలాంటి చోట బోల్డ్ బదులు సెమీబోల్డ్ వాడండి. ఫొటో మీద పేర్చవలసినప్పుడు అక్షరానికి చుట్టూ గీత గీసి కాపాడుకోవాలని చాలామందికి అనిపిస్తుంది గాని, ఆ గీత లోపలి ఖాళీలనే మింగేస్తుంది. ఫొటోలో ఆ భాగాన్ని కాస్త చీకటి చేయడం మెరుగైన మార్గం. వెబ్ సులభగమ్యతా ప్రమాణాల ప్రకారం 14 పాయింట్లు, ఆపైన ఉన్న బోల్డ్ అక్షరానికి నేపథ్యంతో కనీసం 3కి 1 వ్యత్యాసం ఉంటే సరిపోతుంది. ఇంత ఇరుకు అక్షరాలకు మాత్రం 4.5ను లక్ష్యంగా పెట్టుకోమని నేను చెబుతాను.

తోడుగా వాడే పాఠ్య ఫాంట్ సాధారణ వెడల్పులో, నిటారుగా, నెమ్మదిగా ఉండాలి. మరో వాలు ఫాంట్‌ను పక్కన పెడితే రెండు కోణాలూ పోట్లాడుకుంటాయి. శీర్షికలో ఒక మాటను ప్రత్యేకంగా చూపాలంటే దాన్ని నిటారు చేయడం కంటే రంగు మార్చడం మేలు.

వాహనాల మీద రాయించేవారికి ఒక మాట. కుడివైపుకు వాలిన అక్షరం, వాహనం కుడి పక్క మీద రాసినప్పుడు ముందుకు దూసుకుపోతున్నట్టు ఉంటుంది. ఎడమ పక్క మీద అదే అక్షరం వాహనం వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది. రెండు పక్కలా ఒకే డిజైన్ తప్పదనుకుంటే 8 లేదా 9 డిగ్రీల స్వల్పమైన వాలు ఆ వైరుధ్యాన్ని తగ్గిస్తుంది.

తెలుగు అక్షరాలతో జత కూర్చేటప్పుడు

ద్విభాషా శీర్షికలో తెలుగు కూడా ఇదే ఒరవడిలో ఉండాలని కోరుకోవడం సహజం, కానీ లాటిన్ (ఇంగ్లీషు) అక్షరాల కొలతలు ఇక్కడ పనికిరావు. లాటిన్ అక్షరాన్ని నిలువు గీత మోస్తుంది, తెలుగు అక్షరాన్ని గుండ్రని మలుపు మోస్తుంది. ర, ల, ఠ వంటివి కుదిస్తే నిలబెట్టిన గుడ్లలా అవుతాయి. ఘ, ఝ, య లలో అడ్డంగానే ఎన్నో మలుపులు ఉన్నందున వాటిని హెచ్ అంత ఇరుకు చేయడం సాధ్యం కాదు. లాటిన్‌ను ఎంత కుదించామో అందులో సగం మేరకే తెలుగును కుదించి, ఎత్తు పెంచి సరితూచడం ఉత్తమం. వాలు ఇస్తే వత్తులు చెదురుతాయి. బేస్‌లైన్‌కు 400 యూనిట్ల దిగువన ఉన్న వత్తు, 10 డిగ్రీల వాలులో 70 యూనిట్లు ఎడమకు జరిగి, తన అక్షరాన్ని వదిలి ముందున్న అక్షరం కిందకు చేరుతుంది. అదే సమయంలో పైనున్న గుడి కుడివైపుకు జరిగి తరువాతి అక్షరం తలకట్టును తాకుతుంది. వత్తులను వాల్చిన తరువాత సగం దూరం వెనక్కి తేవాలి, గుడి, కొమ్ములను విడిగా సర్దాలి. తలకట్టు సహజంగానే కుడిపైకి లేచే గీత కాబట్టి వాల్చితే మరింత పడుకొని సన్నబడుతుంది. దాన్ని మళ్ళీ కాస్త లేపి, మందం కలపాలి. తెలుగుకు 6 నుంచి 8 డిగ్రీలు చాలు. పక్కన ఉన్న లాటిన్ 12 డిగ్రీలలో ఉన్నా, తెలుగు మలుపుల వల్ల రెండూ ఒకే వాలులో ఉన్నట్టే కంటికి తోస్తుంది.

ఫాంట్ గీసినా, కొని వాడినా, పనిని అచ్చుకు పంపే ముందు శీర్షికలోని ఒక ముక్కను అసలు పరిమాణంలో ముద్రించి, చదివేవారు నిలబడే దూరం నుంచి చూడండి. ఇ (e), ఎ (a), ఎస్ (S), 8 లోపలి ఖాళీలు ముందుగా మాయమవుతాయి. అవి కనిపించకపోతే అక్షరం వెడల్పును అలాగే ఉంచి, నిలువు గీతను 150 నుంచి 140కి, మూడంతస్తుల అడ్డగీతలను 95 నుంచి 88కి దించి మళ్ళీ ముద్రించాలి. అప్పటికీ మూసుకుపోతే వెడల్పును 20 యూనిట్లు పెంచండి. వాలు కోణాన్ని తగ్గించినా ఆ ఖాళీలు పెరగవు.